"మా సిస్టంలో ఆడింది సార్!" - డిస్కు మెనూల మీద అపోహలు, వాస్తవాలు

మొన్నామధ్య ఒక కాలేజీ కుర్రాళ్ళు షాపుకొచ్చారు. చేతిలో యాభై డీవీడీలు, ముఖాల్లో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. సావనీర్ డిస్కు తామే తయారు చేసుకున్నారు. మెనూ, అంటే డిస్కు తెరిస్తే ముందుగా కనిపించే బటన్ల పేజీ, చూడముచ్చటగా ఉంది. అరసవల్లి గుడి బొమ్మ వెనకాల, ముందు ఆరు బటన్లు, మౌస్ పెడితే గంట మోగుతుంది. నొక్కితే మాత్రం ఏదీ తెరుచుకోదు. "మా సిస్టంలో ఆడింది సార్, ఒట్టు" అంటాడు చేసినవాడు. వాడు అబద్ధమాడటం లేదు, అసలు చిక్కే అది.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర మిక్సింగ్, డీటీపీ, డిస్కుల పని చేసుకుంటుంటాను. ఈ కాలంలో సీడీలెవరికి అని నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, చేతికి ఒక వస్తువు ఇవ్వాలనుకునే సంస్థలు ఇంకా ఉన్నాయి. పాత డిస్కులు పట్టుకొచ్చేవాళ్ళు అంతకంటే ఎక్కువ. పెన్‌డ్రైవ్‌లో అదే మెనూ కావాలనేవాళ్ళూ ఉన్నారు. అందరూ అవే అపోహలు మోసుకొస్తారు. రోజూ నోటితో చెప్పి విసిగిపోయి, ఇప్పుడు రాస్తున్నాను.

అపోహ: నా కంప్యూటర్లో మెనూ ఆడితే డిస్కు సిద్ధమైనట్టే.

వాస్తవం: జనం డబ్బు ఎక్కువ తినేసేది ఈ ఒక్క నమ్మకమే. మిగతావన్నీ కలిపినా దీనిలో సగం ఉండవు.

మెనూలో బటన్ అంటే ఫలానా ఫైలు ఫలానా చోట ఉంది అని రాసిన చీటీ. ఆ చీటీలో "డి డ్రైవ్, పని ఫోల్డర్, పాటలు, మొదటి పాట" అని పూర్తి దారి పడిందనుకోండి. మీ సిస్టంలో నొక్కగానే పాట వస్తుంది. ఎందుకు రాదు? ఆ ఫోల్డర్ మీ హార్డ్‌డిస్కులో ఇంకా అలాగే ఉంది. ట్రేలో డిస్కు గిర్రున తిరుగుతుంటే పాట దాన్లోంచే వస్తోందని మనం మురిసిపోతాం. అది వచ్చేది హార్డ్‌డిస్కు నుంచి. డిస్కులో ఆ పాట అసలు ఎక్కకపోయినా మీకు తెలియదు. అదే డిస్కు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పెడితే, అక్కడ డి అంటే చాలాసార్లు ఆ డీవీడీ డ్రైవే. దాంట్లో మీ "పని" ఫోల్డర్ ఎక్కడుంటుంది?

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ తెలిసినవాణ్ణని కాదు. చాలా ఏళ్ళ కిందట, ఈ పనిలో నేను కొత్తగా ఉన్న రోజుల్లో, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన తప్పెటగుళ్ళ (గుండెకు వాయిద్యం కట్టుకుని ఆడిపాడే మా ఉత్తరాంధ్ర జానపద కళ) పాటలు సేకరించారు. సైకిలు మీద ఊరూరా తిరిగి టేప్‌రికార్డర్‌తో పట్టినవి. రెండు వందల సీడీలు, మెనూతో సహా, నాకు అప్పజెప్పారు. బొమ్మలు, బటన్లు, ప్రతి పాటకీ సాహిత్యం, అన్నీ పెట్టాను. మా షాపులో పదిసార్లు ఆడించి చూశాను. పదిసార్లూ ఆడింది.

ఆవిష్కరణ రోజు హాలు నిండా జనం. ఎవరిదో ల్యాప్‌టాప్ తెచ్చి డిస్కు పెట్టారు. మెనూ వచ్చింది. తెలుగులో ఉండాల్సిన శీర్షిక ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు కలిసి పిచ్చిగీతల్లా వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను. మాస్టారు మొదటి బటన్ నొక్కారు. బూడిద రంగు పెట్టె ఒకటి వచ్చింది: ఫైలు దొరకలేదు. రెండోది నొక్కారు. మళ్ళీ అదే పెట్టె. మూడోది నొక్కలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి "ఏటి బాబూ, ఇలగైపోయింది?" అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది.

ముందు వరసలో కూర్చున్న తప్పెటగుళ్ళ బృందం పెద్దాయన లేచి, "ఆ పెట్టి పాడకపోతే నాను పాడతాను గదా" అని గుండె మీద తప్పెటగుళ్ళు కట్టుకున్నాడు. సభ నిలబడింది. రెండు వందల సీడీలు నా ఖర్చుతో మళ్ళీ రాశాను, రెండు రైటర్లు పెట్టుకుని, రెండు రాత్రులు. అందుకే ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం రాలేదు.

ఇప్పుడు మందు చెబుతాను. దారి ఎప్పుడూ మెనూ ప్రోగ్రాం ఉన్న చోటు నుంచే మొదలవ్వాలి. "నేనున్న ఫోల్డర్లోనే, పాటలు అనే ఫోల్డర్లో" అన్నట్టు. అప్పుడు డ్రైవ్ డి అయినా, ఇ అయినా, జి అయినా ఒకటే. ఆటోప్లే మీడియా స్టూడియో అనే మెనూల సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ళు స్క్రిప్టులో దారిని సోర్స్‌ఫోల్డర్ అనే వేరియబుల్‌తో (మెనూ ఉన్న చోటును సూచించే పేరు) మొదలుపెట్టాలి, ఫైళ్ళన్నీ ప్రాజెక్టు సొంత డాక్స్ ఫోల్డర్లో వేసుకోవాలి. పవర్‌పాయింట్‌లో చేసేవాళ్ళు వీడియోలు, పీడీఎఫ్‌లు ముందే ప్రెజెంటేషన్ ఉన్న ఫోల్డర్లోకి తెచ్చుకుని, ఆ తర్వాతే లింకులివ్వాలి. లింకులిచ్చాక ఫైళ్ళు జరిపితే మళ్ళీ మొదటికొస్తారు. హెచ్‌టీఎంఎల్ మెనూ, అంటే వెబ్ పేజీలా చేసింది అయితే ఇంకా తేలిక, ఫోల్డర్ పేరు, ఫైలు పేరు రాస్తే చాలు.

టెస్టు ఎలా చేయాలో చెప్పమంటే అందరూ "వేరే సిస్టంలో చూడండి" అంటారు. చూడాలి, నిజమే. కానీ అంతకంటే ముందు మీ సిస్టంలోనే ఒక పని చేయండి: మీ ప్రాజెక్టు ఫోల్డర్ పేరు మార్చేయండి. "పని" అని ఉంటే "పనిపాత" అనండి. ఇప్పుడు డిస్కు పెట్టి ప్రతి బటనూ నొక్కండి. ఒక్కటి కూడా వదలకండి, "వెనక్కి" బటన్‌తో సహా. పూర్తి దారి పట్టుకుని వేలాడుతున్న లింకు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. దీనికి డిస్కు రాయక్కర్లేదు కూడా. ఐఎస్‌ఓ ఫైలు (డిస్కు మొత్తానికి నకలు లాంటి ఒకే ఫైలు) చేసుకుని దాన్ని మౌంట్ చేస్తే, అంటే డిస్కు పెట్టినట్టే తెరిస్తే చాలు, విండోస్ 8 నుంచి ఆ సౌకర్యం సిస్టంలోనే ఉంది. అది గట్టెక్కాకే ఒక్క డిస్కు రాసి, ఏ సాఫ్ట్‌వేరూ లేని కంప్యూటర్ దగ్గరికి పట్టుకెళ్ళండి. నేను పక్కనున్న మందుల షాపు బిల్లింగ్ సిస్టంలో చూస్తాను. దాంట్లో బిల్లులు తప్ప ఏమీ ఉండవు, అంతకు మించిన పరీక్ష లేదు. కుర్రాళ్ళ డిస్కు కూడా అక్కడే చూశాం. ఆరు బటన్లలో ఐదు వాళ్ళ ఇంటి కంప్యూటర్ డెస్క్‌టాప్‌ను వెతుక్కుంటున్నాయి.

ఇక ఆ పిచ్చిగీతల సంగతి. మన డీటీపీ వాళ్ళందరికీ అను ఫాంట్లు అలవాటు. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని సిస్టమ్స్‌లోనూ చెల్లే సొంత స్థానం ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని సిస్టంలో బొమ్మ తొలగిపోయి కింది ఇంగ్లీషు అక్షరం బయటపడుతుంది. శీర్షికలు, బటన్ల పేర్లు ఫొటోషాప్‌లోనే ఇమేజ్ చేసి పెట్టేస్తే గొడవ లేదు. చదవాల్సిన పాఠం ఎక్కువగా ఉంటే యూనికోడ్‌లోకి మార్చండి, లేదా ఫాంటు పొదిగిన పీడీఎఫ్ పెట్టండి. యూనికోడ్ తెలుగుకు విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంట్లు సిస్టంతోనే వస్తున్నాయి.

వీడియోలదీ ఇదే వరస. మీ సిస్టంలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతోపాటు కోడెక్‌లు (వీడియోను విప్పి చూపించే ప్రోగ్రాంలు) దండిగా దిగి ఉంటాయి, ఎదుటివాళ్ళకు ఉండవు. హెచ్.264 అనే కోడెక్‌తో ఎంపీ4 ఫైలు చేసి పెడితే ఇప్పటి సిస్టమ్స్‌లో పేచీ రాదు.

అపోహ: డిస్కు పెట్టగానే మెనూ దానంతటదే రావాలి. రాకపోతే డిస్కు పాడైనట్టు.

వాస్తవం: కాదు. ఆటోరన్ అనేది విండోస్ 95తో వచ్చింది. డిస్కు మొదటి వరసలో, ఏ ఫోల్డర్లోనూ కాకుండా, ఆటోరన్ అనే పేరుతో ఐఎన్‌ఎఫ్ ఫైలు ఒకటి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే రెండు మూడు వరసలే: ఏ ప్రోగ్రాం తెరవాలి, ఏ ఐకాన్ చూపాలి, డిస్కు పేరేమిటి. ఒకప్పుడు విండోస్ అది చదివి మారు మాట్లాడకుండా నడిపేసేది. విండోస్ విస్టా నుంచి "నడపమంటారా" అని అడగడం మొదలైంది. విండోస్ 10లో మూలన ఒక చిన్న నోటిఫికేషన్ వచ్చి, చూసేలోపే మాయమైపోతుంది. సెట్టింగుల్లో ఎవరైనా ఆటోప్లే, అంటే ఇలా అడిగే ఏర్పాటు, ఆపేసి ఉంటే అదీ రాదు. ఆఫీసు సిస్టమ్స్‌లో ఆపేయడం మామూలే. మై కంప్యూటర్‌లోకి (ఇప్పుడు దాని పేరు దిస్ పీసీ) వెళ్ళి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ అనండి. ఫైళ్ళు కనిపిస్తే డిస్కు బతికే ఉంది. మెనూ ఫైలు మీద రెండుసార్లు నొక్కండి, అంతే.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో కూడా ఆటోరన్ ఫైలు వేస్తే పెట్టగానే మెనూ వస్తుంది. మీకు చేతకాక రాదంటున్నారు.

వాస్తవం: నాకు చేతకానివి చాలా ఉన్నాయి గానీ ఇది వాటిల్లో లేదు. పెన్‌డ్రైవ్‌ల మీద ఆటోరన్‌ను వాడుకుని వైరస్‌లు ఊళ్ళు ఏలాయి. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్ పాకిన దారుల్లో అదొకటి. 2009లో వచ్చిన విండోస్ 7 పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేసింది. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకీ, విస్టాకీ అప్‌డేట్ పంపి అక్కడా ఆపారు. సీడీ, డీవీడీలకు మాత్రం ఉంచారు. కాబట్టి పెన్‌డ్రైవ్‌లో "ముందు దీన్ని తెరవండి" అని ఫైలుకు పేరు పెట్టడమే దారి. ఏదో టూల్‌తో తెప్పిస్తామనేవాళ్ళకు డబ్బివ్వకండి.

అపోహ: మెనూ ఉన్న డిస్కు టీవీ కింది డీవీడీ ప్లేయర్లోనూ ఆడుతుంది.

వాస్తవం: రెండూ వేరు జాతులు. టీవీ ప్లేయర్‌కు ఈఎక్స్‌ఈ (కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం ఫైలు) అంటే ఏమిటో తెలియదు. దానికి వీడియో టీఎస్ ఫోల్డర్, దాన్లో వీఓబీ, ఐఎఫ్ఓ ఫైళ్ళు కావాలి. దాని మెనూ రిమోట్ బాణాలతో నడిచేది. రెండూ ఒకే డీవీడీలో పెట్టొచ్చు, 4.7 జీబీలో పట్టాలి. (ఆ 4.7ను కంప్యూటర్ 4.37 అని చూపిస్తుంది. ఒకరు వెయ్యితో లెక్కగడతారు, ఇంకొకరు 1024తో. నేను కొట్టేసింది ఏమీ లేదు.)

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మెనూ నొక్కితే వెంటనే రావడం లేదు, హ్యాంగ్ అయిందని ఐదుసార్లు నొక్కుతారు, ఐదు కిటికీలు తెరుచుకుంటాయి. కాసేపు ఖాళీగా ఉంటే డ్రైవ్ తిరగడం ఆపేస్తుంది, మళ్ళీ వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. చెవి దగ్గర పెట్టి వినండి, గుర్రుమని లేస్తుంది. చేసేవాళ్ళు "ఆగండి, తెరుచుకుంటోంది" అని ఒక ముక్క చూపిస్తే ఈ గొడవే ఉండదు.

క్విజ్ పెట్టి, మార్కులు డిస్కులోనే సేవ్ అవ్వాలంటారు. రాసి ముగించిన డిస్కు మీద ప్రోగ్రాం ఏమీ రాయడానికి వీల్లేదు. ఎదుటి కంప్యూటర్లో, ఆ యూజర్ ఫోల్డర్లోనే దాచాలి.

ఫ్లాష్ (కదిలే బొమ్మలు, మెనూలు చేసే పాత సాఫ్ట్‌వేర్) పోయింది కాబట్టి ఫ్లాష్‌లో చేసిన పాత మెనూలన్నీ చచ్చినట్టే అంటారు. బ్రౌజర్లలో ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో ముగిసిన మాట నిజం. అయితే ప్రొజెక్టర్‌గా, అంటే ఈఎక్స్‌ఈగా చేసి ఇచ్చినవి ప్లేయర్‌ను తమలోనే మోసుకొస్తాయి. చాలామటుకు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి.

మెనూ తెరవబోతే హెచ్చరిక వచ్చింది, వైరస్ అని భయపడతారు. డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాం ఎవరిదో తనకు తెలియదని విండోస్ చెప్పే మాట అది. వైరస్ ఉందనీ కాదు, లేదనీ కాదు. ఇచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళయితే స్కాన్ చేసుకుని తెరవండి. నమ్మకం కుదరకపోతే మెనూ జోలికి పోకుండా ఫోల్డర్లోంచే ఫైళ్ళు చూసుకోండి. నేను చేసే ప్రతి డిస్కులో ఈఎక్స్‌ఈ పక్కన ఒక మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ, అందరికీ అర్థమయ్యే పేర్లతో ఫోల్డర్లు పెడతాను. మెనూ పోయినా పాట పోకూడదు కదా.

డిస్కు కింది వైపు మాత్రం జాగ్రత్తగా చూసుకుంటే చాలదు. సీడీలో సమాచారం ఉండేది పేరు రాసే పైవైపుకు దగ్గరగా, పలచటి పూత కింద. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అక్కడే దెబ్బ. డీవీడీలో రెండు పొరల మధ్య ఉంటుంది, కాస్త నయం.

కుర్రాళ్ళు వెళ్ళిన సాయంత్రమే ఆమదాలవలస నుంచి ఒకావిడ వచ్చారు. చీర చెంగులో చుట్టిన ప్లాస్టిక్ డబ్బా, దాన్లో 2004 నాటి పెళ్ళి సీడీ. "బాబూ, మా గుంట పెళ్ళిది. కంప్యూటర్లో పెడితే ఏటీ రావట్లేదు, పోయింది పారేయమంటున్నాడు మనవడు. పోయినట్టేనా?" ఆ మాట అడిగేటప్పుడు ఆవిడ డబ్బా నా చేతికి ఇవ్వలేదు.

ఆ రోజుల్లో మన పెళ్ళిళ్ళన్నీ వీసీడీలే, అంటే వీడియో రాసిన సీడీలు. వాటిలో కంప్యూటర్ మెనూ ఉండదు, ఆటోరన్ ఉండదు, పెడితే ఏమీ రాదు. డ్రైవ్ తెరిచి చూస్తే ఎంపెగ్ ఏవీ అని ఒక ఫోల్డర్, దాన్లో డీఏటీ అనే తోకతో పెద్ద ఫైళ్ళు ఉంటాయి. వాటిని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లోకి లాగి వదిలేస్తే చాలు.

వదిలాను. సన్నాయి మొదలైంది. రంగులు వెలిసిపోయాయి, బొమ్మ చిన్నది, కానీ ఆగకుండా ఆడింది. ఆవిడ పెళ్ళికూతుర్ని చూడలేదు. స్క్రీను మీద వేలు పెట్టి, "అదిగో, వంటల పందిరి. అక్కడ ఆపు బాబూ, మా అత్త అరిసెలు వత్తుతోంది" అన్నారు.