ఆ దీనమైన చూపు ఎవరి కోసం?

"మా కుక్క నన్ను ఎంత ముద్దుగా చూస్తుందో! తీరా ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తగానే ఆ చూపు మాయం. దానికి కెమెరా అంటే టెన్షనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కొన్ని కుక్కలు కెమెరాకు బెదురుతాయి, నిజమే. కానీ నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో సంగతి. ఫోన్ ఎత్తితే మీ మొహం దాని వెనక దాక్కుంటుంది. ఆ చూపేమో మీ మొహం కనిపిస్తేనే ఎక్కువగా వస్తుంది!

కుక్క కనుబొమ్మలో ముక్కువైపు కొసను పైకి లాగే సన్నని కండరం ఒకటుంది. పేరు పలకడానికి నోరు తిరగదు: లెవేటర్ యాంగ్యులై ఆక్యులై మీడియాలిస్. అది లాగితే కన్ను పెద్దదై, పసిపిల్లల కన్నులా కనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి కనుబొమ్మలూ ఇలాగే లేస్తాయి. మనం కరిగిపోక ఏంచేస్తాం? కుక్కల ఆశ్రయాల్లో పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కనుబొమ్మ ఎక్కువసార్లు ఎత్తిన కుక్కలకు త్వరగా ఇల్లు దొరికింది. పాపం, తోక ఊపినందుకు ఆ లాభం దక్కలేదు.

2017లో పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియాన్ కమిన్‌స్కీ బృందం 24 పెంపుడు కుక్కలను వీడియో తీసి, మొహంలో ప్రతి కదలికనూ లెక్కపెట్టింది. ఎదుటి మనిషి ఒకసారి కుక్కవైపు తిరిగి, ఒకసారి వీపు పెట్టి నిలబడ్డారు. చేతిలో తిండి ఒకసారి ఉంది, ఒకసారి లేదు. మనిషి తమవైపు తిరిగి ఉన్నప్పుడే కుక్కల మొహంలో కదలికలు పెరిగాయి. తిండి ఉన్నా లేకున్నా తేడా రాలేదు! తిండి కోసమే నటిస్తాయని వాదించే నా మిత్రుడికి ఇది నాలుగుసార్లు చెప్పాను.

అదే బృందం 2019లో కుక్కల తలలనూ తోడేళ్ల తలలనూ కోసి పోల్చింది. కుక్కల్లో స్పష్టంగా ఉన్న ఈ కండరం తోడేళ్లలో కొద్దిపాటి పోగులకు మించి లేదు. మనిషితో సావాసమే దీన్ని పెంచిందన్నారు. చక్కటి కథే. కానీ 2024లో ఆఫ్రికా అడవికుక్కల్లోనూ ఈ కండరం బలంగా ఉందని తేలింది. వాటిని ఎవరూ పెంచలేదు. గుంపులో ఒకదానికొకటి సైగ చేసుకోవడానికి పనికొస్తుందేమో.

అన్నట్టు, "తప్పు చేసి సిగ్గుపడుతోంది" అంటూ ఫోటోలు పెడతారే, అదీ ఒక అపోహే. కుక్కల ప్రవర్తనపై పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 2009లో పరీక్షించి చూస్తే, ఆ మొహం యజమాని తిట్టినప్పుడు వచ్చింది. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

కాబట్టి ఆ పాఠకురాలికి నా సలహా: నేలమీద కూర్చుని ఫోన్‌ను ఛాతీ దగ్గర పట్టుకోండి, మీ మొహం కుక్కకు కనబడనివ్వండి. స్క్రీన్‌ను కాదు, కుక్కను చూస్తూ పిలవండి. కనుబొమ్మ లేచి దిగడం క్షణంలో అయిపోతుంది, అందుకని వరసగా బోలెడు ఫోటోలు తీసే బర్స్ట్ మోడ్‌లో తీయండి.