అంచు మడిచిన కంచు

డ్రమ్స్ సెట్టులో పుల్లతో కొట్టి మోగించే కంచు పళ్లేలు సింబల్స్. వాటిలో ‘చైనా సింబల్’ అనేదాన్ని డ్రమ్స్ వాయించేవాళ్లు ఒట్టి ‘చైనా’ అంటారు. ‘ఆ ఫిల్ (లయ మధ్యలో వేసే చిన్న విరుపు) చివర చైనా మీద కొట్టు’ అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. కిట్‌లో మిగతా సింబల్స్ అన్నీ బోర్లించిన పళ్లేల్లా స్టాండ్ల మీద వాలి ఉంటే, ఎక్కువ కిట్లలో ఇదొక్కటే వెల్లకిలా ఉంటుంది. చివరి అంగుళం, అంగుళంన్నర మేర రేకు ఎదురుదిక్కుకు మడిచి ఉంటుంది. నడుమ ఉండే బొడిపె మామూలు సింబల్‌కి ఉన్నట్టు గుండ్రంగా కాక, పైభాగం కోసేసిన చిన్న డబ్బాలా ఉంటుంది.

క్రాష్ అనే మామూలు సింబల్‌ని కొడితే ‘ఝాఁయ్’ అని సాగుతుంది. చైనాని కొడితే ‘ఖ్ఛాష్’ అని పేలి, అంతలోనే అణిగిపోతుంది. మొదటిసారి విన్నవాళ్లు వంటింట్లో ఏదో రేకు డబ్బా పడిందనుకుంటారు. డ్రమ్మర్లు ఈ శబ్దాన్ని ‘ట్రాషీ’ అంటారు, అంటే చెత్తచెత్తగా ఉందని. వాళ్ల నోట అది మెచ్చుకోలు. ఆ చెత్తదనం పొరపాటున వచ్చింది కాదు. సుత్తి పట్టిన మనిషి కావాలని చేసిన పని అది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన మృదంగం పక్కన పెట్టి చూడటం మంచిదని నాకనిపిస్తుంది. మామూలు డోలు చర్మం కొడితే, అసలు స్వరంతో పాటు పుట్టే పై స్వరాలు, అంటే ఉపస్వరాలు, ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడివైపు నల్లటి పూత వేయడంతో ఆ ఉపస్వరాలు ఒక వరసలోకి వస్తాయి, తీగ వాయిద్యంలో లాగా 1, 2, 3 లెక్కన. తబలా, మృదంగాల్లోని ఈ రహస్యాన్ని సి.వి.రామన్ 1920లోనే భౌతికశాస్త్రం భాషలో వివరించారు. మృదంగం శ్రుతిలోకి రావడానికి చేసిన ప్రయత్నమైతే, చైనా సింబల్ శ్రుతి నుంచి వీలైనంత దూరం పోవడానికి చేసిన ప్రయత్నం.

లోహపు రేకుకి శ్రుతి సహజంగానే దూరం. 1787లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్నీ రేకుల మీద ఇసుక చల్లి, అంచు మీద ఫిడేలు కమాను రాసి చూపించాడు. కదలని గీతల దగ్గరికి ఇసుక చేరి రకరకాల ముగ్గులు పడ్డాయి. ఒక్కో ముగ్గూ ఆ రేకు కంపించే ఒక్కో తీరు. సింబల్‌లో ఇలాంటి తీరులు వందల్లో ఉంటాయి, వాటి మధ్య సరళమైన లెక్కంటూ ఏదీ కుదరదు. అందుకే సింబల్ ఏ స్వరం పలుకుతోందో పాడి చూపించలేం.

ఇక ఆ మడత సంగతి. ఒక పల్చటి రేకు ముక్కని ఒక చివర పట్టుకుంటే రెండో చివర వేలాడిపోతుంది. అదే రేకు అంచుని కొంచెం మడిస్తే నిలబడుతుంది. స్టీలు పళ్లేనికి అంచు మడిచేది కూడా అందుకే. మామూలు సింబల్‌లో అన్నిటికన్నా స్వేచ్ఛగా ఊగే చోటు అంచే. చైనా సింబల్‌లో ఆ చోటునే బిగించేశారు. దాంతో రేకు మొత్తం నిదానంగా, పెద్దగా ఊగే కంపనాలకు అడ్డు పడుతుంది. దెబ్బలోని శక్తి చిన్నచిన్న వేగమైన కంపనాల్లోకి చీలిపోతుంది. వేగమైన కంపనాలు త్వరగా అరిగిపోతాయి. కాబట్టి శబ్దం గరుగ్గా మొదలై తొందరగా ముగుస్తుంది.

ఇంట్లో చైనా ఉన్నవాళ్లు ఒకసారి ఇలా చేసి చూడండి. వేలి కొసతో మెల్లగా తట్టండి. చిన్న గంటలా, లోతుగా ‘గుఁయ్’ మంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! ఇప్పుడు పుల్లతో గట్టిగా కొట్టండి. ఆ గొంతు మాయమై, రాళ్లు దొర్లినట్టు మోత వస్తుంది. మెల్లగా తట్టినప్పటి శబ్దాన్నే వాల్యూమ్ పెంచి వింటే ఇలా ఉండదు, ఇది పూర్తిగా వేరే శబ్దం. కారణం ఏమిటంటే, రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. గట్టి దెబ్బకి రేకు ఊగే దూరం దాని మందంతో సమానమైతే, అప్పటిదాకా విడివిడిగా కంపించినవన్నీ ఒకదాని శక్తి ఒకటి లాక్కోవడం మొదలుపెడతాయి. కింది స్థాయి కంపనాల నుంచి పై స్థాయికి శక్తి ఎగబాకుతుంది. సింబల్ కొట్టిన క్షణంలో కాకుండా, రెప్పపాటు ఆగి ఆ ‘ష్ష్’ విచ్చుకోవడం గమనించారా? ఆ ఎగబాకడమే మనకలా వినిపిస్తుంది.

ఈ గుణాన్ని చైనా దేశపు కళాకారులు ఎప్పుడో పట్టుకున్నారు. పెకింగ్ ఒపేరా అనే అక్కడి సంప్రదాయ సంగీత నాటకంలో రెండు రకాల గంటపళ్లేలుంటాయి. పెద్దదాన్ని కొడితే స్వరం కిందికి జారుతుంది, చిన్నదాన్ని కొడితే పైకి లేస్తుంది. తేడా అంతా రేకు వంపులోనే.

లోహం విషయానికొస్తే, మంచి చైనా సింబల్ నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం కలిసిన కంచు. గొంతు ఖంగున మోగేవాళ్లని మనం కంచుకంఠం అంటాం కదా, ఆ కంచే. కానీ ఇంత తగరం కలిస్తే అది గాజులా పెళుసు, సుత్తి దెబ్బకి పగిలిపోతుంది. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచితే మాత్రం దెబ్బకి ఓర్చుకునే గుణం వస్తుంది. ఉక్కును ఇలా ముంచితే గట్టిపడి పెళుసవుతుంది, కంచు కథ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. వేడి మీద లోహం లోపల ఏర్పడిన అమరిక, నెమ్మదిగా చల్లారితే పెళుసు అమరికగా మారిపోతుంది. నీళ్లు దానికి ఆ వ్యవధి ఇవ్వవు. భౌతికశాస్త్రం పుస్తకం చదవకుండానే ఈ కిటుకు కనిపెట్టిన కంచరులకి నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను. వూహాన్ నగరం ఈ పనికి పేరుపొందింది. చేత్తో సుత్తి వేసిన వూహాన్ సింబల్ మీద వేలు పెట్టి నడిపితే గుంటలు తగులుతాయి. గుంటలు ఒక్కోదానిలో ఒక్కోలా పడతాయి కాబట్టే ఒకే సైజు సింబల్స్ రెండు ఒకేలా మోగవు.

అసలు సింబల్స్, అంటే మన భజన తాళాల్లాంటివి, చైనా దేశంలో పుట్టినవి కావు, పడమటి దారుల్లో అక్కడికి చేరాయి. 7వ శతాబ్దంలో టాంగ్ చక్రవర్తుల ఆస్థానంలో పది రకాల సంగీత బృందాలుండేవి. వాటిలో ఒకటి భారతదేశపు సంగీతానిది, అందులో కంచు తాళాలూ ఉన్నాయి. 20వ శతాబ్దం మొదట్లో ఈ సింబల్స్ అమెరికాలోని చైనా వలసదారుల ద్వారా తొలి జాజ్ డ్రమ్మర్ల చేతికొచ్చాయి. ఇస్తాంబుల్‌లో 1623 నుంచి సింబల్స్ చేస్తున్న జిల్జియన్ కుటుంబం 1929లో మసాచుసెట్స్‌లో కంపెనీ పెట్టింది. ‘స్విష్’, ‘పాంగ్’ పేర్లతో వాళ్లూ ఈ తరహావి చేశారు.

ఇప్పుడు చైనా సింబల్ అంటే హెవీ మెటల్ అనే హోరు రాక్ సంగీతం గుర్తొస్తుంది. ఆ పాటల్లో గిటార్ల హోరు మధ్య కూడా ఇది వినపడుతుంది, పైగా త్వరగా ఆగిపోతుంది కాబట్టి తర్వాతి దెబ్బ శుభ్రంగా పడుతుంది. నాకు మాత్రం దీని అసలు అందం జాజ్ డ్రమ్మర్ మెల్ లూయిస్ వాయింపులో కనిపిస్తుంది. 1966లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బులో సోమవారాలు వాయించడం మొదలుపెట్టిన పెద్ద బృందానికి ఆయనే డ్రమ్మర్. చైనా తరహా సింబల్‌ని ఆయన రైడ్‌లా (లయ నిలపడానికి వాడే సింబల్‌లా), ఆపకుండా వాయించేవాడు. సాక్సోఫోన్ సోలో వెనక ఇలాంటి సింబల్ సన్నని ఇసుక జల్లులా పరుచుకుంటుంది. దానికంటూ ఒక స్వరం లేదు కాబట్టి సోలో స్వరాలకి అడ్డు తగలదు.

కొత్తగా కొన్నవాళ్లకి ఒక్క మాట. మడిచిన అంచు పైకి ఉండేలా బిగిస్తే పుల్ల నేరుగా ఆ పదునైన అంచుకి తగులుతుంది. నేను మొదట్లో అలాగే బిగించాను. నెల తిరక్కుండా పుల్లలు ఎలుకలు కొరికినట్టయ్యాయి, మడత దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. అందుకే చాలామంది తిరగేసి బిగిస్తారు. అప్పుడు పుల్ల మెడ మడత నున్నటి భుజానికి తగులుతుంది. నట్టు మరీ బిగించకూడదు, కింద ఫెల్ట్ వాషర్ ఉండాలి.

పగిలిన ఆ 18 అంగుళాల చైనాని నేను పారేయలేదు. దాని మీద స్ప్లాష్ అనే 10 అంగుళాల చిన్న సింబల్ పెట్టి, రెండూ కలిపి ఒకే స్టాండుకి బిగించాను. రెండు రేకులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని మోతను పట్టేస్తాయి. కొడితే ‘ఛక్’ మంటుంది, అంతే. చప్పట్లు మోగాల్సిన చోట ఇప్పుడు దాన్నే వాయిస్తున్నాను.