సగంలో ఆగిన ‘నెవర్ఎండింగ్ స్టోరీ’: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. గ్రంథాలయం అల్మారాల తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. వీలైన శనివారాల్లో ప్రొజెక్టరు మీద పిల్లల సినిమా ఒకటి వేసి, దానికి మూలమైన పుస్తకం కథను తెలుగులో చెబుతుంటాను. ఈ ఏడాది పిల్లలు అడిగి వేయించుకున్నది ‘ది నెవర్ఎండింగ్ స్టోరీ’. 1984 నాటి సినిమా వీళ్లకెలా తెలిసిందంటే, 2019లో ఒక అమెరికన్ వెబ్ సిరీస్‌లో దాని పాట మళ్లీ వినిపించింది. అక్కడి నుంచి ఫోన్లలోకి, ఫోన్ల నుంచి తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. పాట వెంట పుకార్లూ వచ్చాయి. పిల్లలు చెప్పినవి, తల్లిదండ్రులు అడిగినవి, ఉపాధ్యాయుల గదిలో విన్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. పేరుకు తెలుగు అర్థం విని, బాలచందర్ ‘అంతులేని కథ’ వేస్తున్నారనుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్న తాతగారికి మాత్రం నేనేమీ చేయలేకపోయాను.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. తల్లి లేని బాస్టియన్ అనే పిల్లవాడు తోటివాళ్ల వేధింపులు తప్పించుకోవడానికి పాత పుస్తకాల దుకాణంలో దూరతాడు. అక్కడ కంటపడిన పుస్తకాన్ని చెప్పకుండా తెచ్చుకుని, బడి అటక మీద దాక్కుని చదవడం మొదలుపెడతాడు. పుస్తకంలోని మాయారాజ్యాన్ని ‘శూన్యం’ కొద్దికొద్దిగా మింగేస్తూ ఉంటుంది. దాన్ని ఏలే బాలరాణి జబ్బుపడుతుంది. ఆమెను బతికించే ఉపాయం వెతకడానికి అట్రేయు అనే కుర్రవాడు గుర్రమెక్కి బయలుదేరతాడు. చదువుతున్న బాస్టియన్ మెల్లగా ఆ కథలోనే పాత్ర అయిపోతాడు. జర్మన్ రచయిత మైఖేల్ ఎండే ఈ నవలను 1979లో ప్రచురించారు. నేను పిల్లలకు చెబుతున్నది 1983లో వచ్చిన రాల్ఫ్ మాన్‌హైమ్ ఇంగ్లిషు అనువాదాన్ని చూసి.

అపోహ: ఇది హాలీవుడ్ సినిమా.

కాదు, ఇంగ్లిషులో తీసిన పశ్చిమ జర్మనీ సినిమా. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్, నిర్మాత బెర్న్ట్ ఐఖింగర్. చాలా భాగం మ్యూనిక్‌లోని బవేరియా స్టూడియోలో తీశారు. బాస్టియన్ పరుగెత్తే సందులు కెనడాలోని వాంకూవర్‌వి, అట్రేయు కొట్టుకువచ్చి పడే సముద్రతీరం స్పెయిన్‌లోని అల్మేరియాది. దాదాపు 6 కోట్ల జర్మన్ మార్కులు ఖర్చయ్యాయి, అక్కడ అప్పటికి అది చాలా పెద్ద మొత్తం. ఇంకో సంగతి: మా తొమ్మిదో తరగతిని ఊపేసిన ఆ పాట జర్మనీలో విడుదలైన ప్రతిలో లేనేలేదు. అందులో ఉన్నది క్లౌస్ డోల్డింగర్ సంగీతం. జార్జియో మోరోడర్ బాణీ కట్టగా లిమాల్ పాడిన పాటను బయటి దేశాల ప్రతి కోసం తరువాత చేర్చారు.

అపోహ: బురదలో మునిగే సన్నివేశంలో గుర్రం నిజంగానే చనిపోయింది.

అన్నింటికంటే గట్టిగా పాతుకున్న పుకారు ఇదే. నాకు చెప్పిన ఏడో తరగతి పిల్లవాడు కళ్లలో నీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. గుర్రం చనిపోలేదు. బురద నీటి అడుగున కిందకు దిగే ఒక వేదికను అమర్చి, దాని మీద గుర్రాన్ని కదలకుండా నిలబడేలా ముందుగానే మచ్చిక చేశారు. వేదిక నెమ్మదిగా దిగుతుంటే గుర్రం మునుగుతున్నట్టు కనిపిస్తుంది. తల పూర్తిగా మునగడం తెరపై చూపించలేదు కూడా, మళ్లీ గమనించి చూడండి.

అయినా నలభై ఏళ్లుగా ఈ పుకారు ఎందుకు చావడం లేదు? నా అనుమానం ఇది. నవలలో ఆ గుర్రం మాట్లాడుతుంది. విషాదం తనను లోపలికి లాగుతోందని, తన చావును చూడవద్దని, వదిలి వెళ్లిపొమ్మని యజమానిని వేడుకుంటుంది. అట్రేయు మునగకపోవడానికీ అక్కడ కారణం ఉంది: మెడలో ఉన్న బాలరాణి పతకం అతణ్ని కాపాడుతుంది. సినిమా ఈ రెండూ తీసేసింది. మాటల్లేని ఒక నిజమైన గుర్రం, దాని కళ్లు, పక్కన గొంతు చించుకుని అరిచే పిల్లవాడు మాత్రమే మిగిలారు. మాట్లాడే గుర్రం కథలోదని ఎవరికైనా తెలుస్తుంది. మాట్లాడని గుర్రం మన ఊరిదే అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం నవల కంటే సినిమాయే గుండెకు బలంగా తగిలిందని నా అభిప్రాయం.

మా పిల్లలు ఆ సన్నివేశాన్ని చూసే తీరు వేరు. చెరువు ఎండే కాలంలో ఒండ్రులో దిగబడిన బర్రెను ఊరంతా కలిసి బయటకు లాగడం చూసినవాళ్లు వాళ్లు. ‘పగ్గం కట్టి లాగవచ్చు కదా మేడం, ఒక్కడే అరిస్తే ఏం లాభం?’ అని ఒక అమ్మాయి కోప్పడింది. దిగులు పెరిగేకొద్దీ లోపలికి లాగే బురద అది, పగ్గంతో వచ్చేది కాదు అని నేను చెబితే, కాసేపు ఆలోచించి, ‘అయినా ఇంకో మనిషి ఉంటే బాగుండేది’ అంది. ఎండే వింటే ఆ అమ్మాయి పక్షమే వహించేవారు. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: సినిమా చూస్తే నవల చదివినట్టే.

నవలలో 26 అధ్యాయాలు. ఒక్కొక్కటీ జర్మన్ అక్షరమాలలోని ఒక్కో అక్షరంతో, ఎ నుంచి జెడ్ వరకు, వరుసగా మొదలవుతుంది. మన ప్రపంచంలో జరిగేది ఒక రంగు సిరాలో, మాయారాజ్యంలో జరిగేది మరో రంగులో అచ్చువేశారు. సినిమా దాదాపు 13వ అధ్యాయం దగ్గర ముగుస్తుంది. రాజ్యం బూడిదై, బాలరాణి అరచేతిలో ఒక్క రేణువు మిగిలి, అడిగినన్ని కోరికలు కోరుకోమని బాస్టియన్‌కు చెప్పిన చోటుకు కాస్త అటూఇటూగా. నవలలో అసలు చిక్కు మొదలయ్యేదే అక్కడి నుంచి.

రెండో సగంలో బాస్టియన్ కోరినదల్లా జరుగుతుంది. కానీ తీరిన ప్రతి కోరికకూ తన పాత లోకం జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. అందంగా ఉండాలని కోరుకుంటాడు, తాను ఒకప్పుడు లావుగా ఉండేవాడినన్నది మరచిపోతాడు. బలం కావాలంటాడు, ధైర్యం కావాలంటాడు, పేరు ప్రతిష్ఠలు కావాలంటాడు. క్సయీడె అనే మాయావిని పొగడ్తలకు లొంగి చివరికి తానే చక్రవర్తి కావాలనుకుంటాడు. అడ్డువచ్చిన అట్రేయును కత్తితో గాయపరుస్తాడు. ఆ తరువాత ఒక పట్టణం కనిపిస్తుంది. తనలాగే ఈ రాజ్యానికి వచ్చి, జ్ఞాపకాలన్నీ కోరికలకు ఖర్చుపెట్టేసి, తిరిగి వెళ్లే దారి లేక మతిపోయిన మనుషులు అక్కడ తిరుగుతుంటారు. పిల్లల పుస్తకంలో ఇంతకంటే భయపెట్టే చోటు నేను చదవలేదు. చివరికి తన పేరు కూడా మరచిపోయిన బాస్టియన్ తరఫున మాట్లాడి, అతను ఇంటికి చేరేలా చేసేది తాను గాయపరిచిన అట్రేయుయే. మా అమ్మాయి అడిగిన ‘ఇంకో మనిషి’ రెండో సగంలో ఉన్నాడు.

సినిమాలో ఇదేమీ లేదు. బాస్టియన్ ‘శుభనాగం’ అనే ఎగిరే డ్రాగన్ వీపునెక్కి నగరంలోకి వచ్చి, తనను ఏడిపించినవాళ్లను తరిమి చెత్తకుండీలో దూకిస్తాడు. పిల్లలు ఈలలు వేస్తారు, నిజమే. నవలలో మాత్రం అతను ఇంటికి వెళ్లేసరికి రాత్రంతా కొడుకు కోసం వెతికిన తండ్రి ఉంటాడు. భార్య పోయాక గడ్డకట్టినట్టు మూగబోయిన ఆ మనిషి కొడుకు చెప్పిందంతా విని, ఆనాటికి కన్నీళ్లు పెట్టుకుంటాడు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. నవలలోని బాస్టియన్ లావుపాటి పిల్లవాడు. తనంటే తనకే సిగ్గు. బాలరాణికి కొత్త పేరు పెట్టి కాపాడవలసిన వేళ ఆలస్యం చేసేది కూడా, ఇలాంటివాణ్ని చూసి ఆమె ఏమనుకుంటుందో అన్న బెరుకుతోనే. సినిమాలో సన్నగా, ముద్దుగా ఉన్న పిల్లవాణ్ని పెట్టారు. ఆ ఒక్క ఎంపికతోనే రెండో సగానికి పునాది పోయింది. 1990లో వచ్చిన రెండో సినిమా జ్ఞాపకాలు పోగొట్టుకునే కథను కొంత ఎత్తుకుంది కానీ, అప్పటికి మొదటి ముక్కే వేరుగా కత్తిరించి ఉంది, అతుకు పడలేదు.

అపోహ: రచయిత దగ్గరుండి తీయించిన సినిమా.

మొదట్లో ఎండే స్క్రిప్టు పనిలో పాలుపంచుకున్న మాట నిజం. తరువాత వచ్చిన మార్పులు చూసి, సినిమా ఆపండి లేదా పేరైనా మార్చండి అన్నారు. కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. ఇది పెద్దమనిషి చాదస్తమని మా సహోపాధ్యాయుడి తీర్పు. నాకు అలా అనిపించదు. ఎండే తండ్రి ఎడ్గార్ ఎండే అధివాస్తవిక చిత్రకారుడు, నాజీలు ఆయన చిత్రాలను ‘పతనమైన కళ’ అని ముద్రవేశారు. ఊహాలోకాలను తేలిక వ్యవహారంగా తీసుకునే ఇంట్లో పుట్టినవారు కారు మైఖేల్.

అపోహ: మూలాన్ని మార్చడమే సినిమా చేసిన తప్పు.

ఇది చదువరులు చేసే ఫిర్యాదు, నేను ఒప్పుకోను. మన వైపు చిందు భాగవతం, ఒగ్గుకథ చూసినవారెవరూ ఆ మాట అనలేరు. ముందు కూర్చున్న జనాన్ని బట్టి, మిగిలిన రాత్రిని బట్టి కథ సాగుతుంది, కుదించుకుంటుంది, మధ్యలో హాస్యగాడు వచ్చి ఊరి సంగతులు కలుపుతాడు. కాశీమజిలీ కథల నుంచి వచ్చిన 1951 నాటి ‘పాతాళ భైరవి’ని చూసి, మూలంలో ఇలా లేదని విజయా వారిని తిట్టినవారు ఎవరైనా ఉన్నారా? ఏం మార్చారన్నది కాదు, మార్చాక కథ ఏం చెబుతోందన్నది చూడాలి.

అట్రేయు దాటవలసిన సింహికల (స్ఫింక్స్‌ల) ద్వారం తీసుకోండి. నవలలో ఆ రెండు సింహికలూ కొందరిని వెళ్లనిస్తాయి, కొందరిని చూపుతోనే స్తంభింపజేస్తాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. అక్కడి పండితుడు ఏళ్ల తరబడి లెక్కలు కట్టినా అంతుపట్టదు. సినిమాలో మాత్రం తన మీద తనకు నమ్మకం లేనివాణ్ని అవి కళ్లతో కాల్చేస్తాయి. చిక్కుముడి కాస్తా పరీక్ష అయిపోయింది. పరీక్షలంటే ఇప్పటికే వణికే పిల్లల ముందు ఇంకో పరీక్ష! దాని తరువాత నవలలో వచ్చే, జరిగేదంతా రాస్తూ ఉండే సంచార పర్వతపు ముసలివాడి ఘట్టం సంగతి చెప్పనే అక్కర్లేదు, సినిమా దాని జోలికే పోలేదు. మరోవైపు, బాస్టియన్ అట్రేయు వెంట నడిచినట్టే బాస్టియన్ వెంట ఇంకెవరో నడుస్తున్నారని బాలరాణి చెప్పే మాట సినిమాలో ఎంతో చక్కగా కుదిరింది. మా హాల్లో నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూశారు.

అపోహ: పుస్తకం చదివించాకే సినిమా చూపాలి.

ఇంగ్లిషు నవల చేతికిచ్చి చదివాకే సినిమా అంటే మా బడిలో ఎవరూ ఎప్పటికీ సినిమా చూడరు. నేను సినిమాయే ముందు వేస్తాను, కానీ ఒక చోట ఆపుతాను. తుఫానులో కిటికీ తెరిచి బాస్టియన్ బాలరాణి పేరు అరిచే చోట. ఆ హోరులో పేరు సరిగా వినిపించదు, ఏమన్నాడని అందరూ అడుగుతారు. నవలలో అది వెన్నెలబిడ్డ అన్న అర్థం వచ్చే పేరు. అది వెంటనే చెప్పను. అక్కడ ముసలివాడి ఘట్టం చెబుతాను: ఆయన రాసేదే జరుగుతుంది, జరిగేదే ఆయన రాస్తాడు. బాలరాణి అడగ్గా కథను మొదటి నుంచి చదవడం మొదలుపెడతాడు. పుస్తకాల దుకాణం, బాస్టియన్ రావడం, అటక, మళ్లీ ముసలివాడు, మళ్లీ దుకాణం. బాస్టియన్ నోరు తెరిచే దాకా ఆ గానుగ ఆగదు. ఇది విన్నాక, మీరైతే ఏ పేరు పెట్టేవారని అడుగుతాను. వెన్నెల అని ఇద్దరు తమంతట తామే అన్నారు. ఒకడు మైసమ్మ అన్నాడు. రాజ్యాన్ని కాపాడేది ఆమె కదా అని వాడి వాదన, కొట్టిపారేయలేం.

అపోహ: పాత బొమ్మలు, ఇప్పటి పిల్లలకు ఆనవు.

మొదట నవ్వుతారు. నవలలోని శుభనాగానికి ముత్యాల రంగు పొలుసులు, సింహంలాంటి తల. తెరపై బొచ్చుతో కుక్కపిల్ల మొహం కనిపించేసరికి నవ్వు ఆగదు. కానీ అది నటుడు చేత్తో తడిమిన బొమ్మ, మెడ నిమిరితే చెయ్యి లోపలికి దిగుతుంది. కాసేపటికి నవ్వు ఆగి, చెవి వెనక గోకమని తెరకు సలహాలు మొదలవుతాయి. ఆ బొమ్మను మ్యూనిక్ స్టూడియోలో సందర్శకుల కోసం ఇప్పటికీ ఉంచారు. 2024లో ఈ నవలను కొత్తగా వరుస సినిమాలుగా తీస్తామని ప్రకటించారు. కంప్యూటర్ నాగం ఎంత నున్నగా ఉంటుందో నాకు పట్టింపు లేదు, రెండో సగం దాకా వస్తారా అన్నదే నా ఆత్రం.

అపోహ: పిల్లల సినిమా కనుక ఏ వయసు వారికైనా వేయవచ్చు.

గుర్రం ఘట్టం, చీకట్లో మాట్లాడే తోడేలు చిన్నవాళ్లకు బరువు. నేను ఆరో తరగతికి కింద వేయను. వేసేవారికి ఒక సూచన: సినిమా నిడివి గంటన్నర పైచిలుకు, మధ్యలో ఆపి మాట్లాడేందుకు ఇంకో అరగంట కావాలి. బస్సుపాసు పిల్లలు ఉంటే చివరి బస్సు వేళ ముందే కనుక్కుని మొదలుపెట్టండి. లేకపోతే సరిగ్గా ఆ పేరు అరిచే చోటే సగం హాలు లేచి వెళ్లిపోతుంది.