కెన్యా కౌంటీల్లో మధ్యలోనే ఆగిన ఆసుపత్రులు: ఐదేళ్ల ప్రణాళిక ఎక్కడ తప్పుతోంది?

కెన్యాలో 47 కౌంటీ (జిల్లా లాంటి ప్రాంతం) ప్రభుత్వాలు 2013 మార్చి ఎన్నికలతో పని మొదలుపెట్టాయి. అప్పటి నుంచి మూడు ఐదేళ్ల ప్రణాళికలు వచ్చాయి: 2013–17, 2018–22, 2023–27. ప్రతి ప్రణాళికలోనూ డిస్పెన్సరీలు, పూర్వ ప్రాథమిక తరగతి గదులు, బోరుబావులు, గ్రామీణ రోడ్ల పేర్లు పేజీల కొద్దీ ఉంటాయి. ఊళ్లలో మాత్రం లింటల్ దాకా లేచి ఆగిన గోడలు, ఇంకా తాళం తీయని ఆసుపత్రి వార్డులు కనిపిస్తాయి. అవినీతి వల్లేనని చెప్పి ఊరుకుంటే సగం కారణమే చెప్పినట్టు. నిజాయితీగా నడిచే కౌంటీలోనూ పనులు ఆగుతున్నాయి. పెట్టుబడి లెక్క వేసే తీరులోనే లోపం ఉంది, అది పాతది.

1963లో స్వాతంత్ర్యంతో పాటు వచ్చిన రాజ్యాంగం ప్రాంతీయ ప్రభుత్వాలకు అధికారాలిచ్చింది. 1964 డిసెంబరులో దేశం రిపబ్లిక్ అయ్యేసరికి ఆ ఏర్పాటు ముగిసింది. కింద మిగిలిన కౌంటీ కౌన్సిళ్ల (అప్పటి స్థానిక సంస్థల) చేతుల్లోంచి ప్రాథమిక విద్య, ఆరోగ్యం, రోడ్లను 1969 నాటి చట్టం తీసేసుకుంది; 1970 జనవరి 1 నుంచి అవన్నీ నైరోబీలోని మంత్రిత్వ శాఖలకు వెళ్లిపోయాయి. 1983లో జిల్లాలే అభివృద్ధికి కేంద్రం అన్నారు. కానీ జిల్లా కమిటీ చేయగలిగింది పనుల జాబితా రాసి పైకి పంపడమే. 1999లో ఆదాయపు పన్నులో 5 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చే నిధి, 2003లో ఎంపీల ద్వారా ఖర్చయ్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి వచ్చాయి. రెండింటికీ జాబితాలే ఆధారం: పని పేరు, ఊరి పేరు, ఎదురుగా ఒక అంకె.

ఈ పద్ధతిలో కట్టేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఇంకొకరు. నియోజకవర్గ నిధితో డిస్పెన్సరీ లేస్తుంది, నర్సును వేయాల్సింది ఆరోగ్య శాఖ. ఆ శాఖ బడ్జెట్‌లో ఆ ఊరి పేరే ఉండదు. 2010 రాజ్యాంగం కౌంటీ స్థాయి ఆరోగ్య సేవల్లో ఈ రెండు బాధ్యతలనూ కౌంటీకే అప్పగించింది. జాబితా రాసే అలవాటు మాత్రం పోలేదు. భవనం ఖర్చు పక్కన ఏటా అయ్యే జీతాలు, మందులు, కరెంటు, నీళ్లు, మరమ్మతుల ఖర్చు రాసే గడి చాలా ప్రణాళికల్లో ఖాళీగానే ఉంటుంది. నా దృష్టిలో అసలు తప్పు ఇదే.

చట్టంలో లోటు లేదు. ప్రణాళిక లేకుండా ప్రజాధనం కేటాయించరాదని 2012 నాటి కౌంటీ ప్రభుత్వాల చట్టం స్పష్టంగా చెబుతోంది. ఐదేళ్ల సమగ్ర ప్రణాళికకు తోడు పదేళ్ల రంగాలవారీ ప్రణాళికలు, పదేళ్ల భూ వినియోగ ప్రణాళిక ఉండాలి. జులై 1న ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. వచ్చే ఏడాది పనుల వార్షిక ప్రణాళిక సెప్టెంబరు 1 నాటికి, ఆర్థిక వ్యూహపత్రం ఫిబ్రవరి 28 నాటికి, బడ్జెట్ అంచనాలు ఏప్రిల్ 30 నాటికి కౌంటీ అసెంబ్లీ ముందుకు రావాలి. మధ్యకాలిక బడ్జెట్‌లో కనీసం 30 శాతం అభివృద్ధికి కేటాయించాలని ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ చట్టం, జీతాలు మొత్తం రాబడిలో 35 శాతం దాటకూడదని 2015 నిబంధనలు అంటాయి. అభివృద్ధి మీద అసలు ఖర్చు కూడా 30 శాతం ఉండాలని ఆ నిబంధనలే అంటాయి. అయితే నిజంగా ఖర్చయింది ఎంత అన్నది వేరే లెక్క.

కౌంటీల రాబడిలో సింహభాగం జాతీయ ఖజానా నుంచే వస్తుంది. ఆ వాయిదాలు నెలల తరబడి ఆలస్యమవుతాయి. 2020లోనైతే కౌంటీల మధ్య డబ్బు పంపకాల సూత్రం మీద సెనేట్‌లో ఏకాభిప్రాయం కుదరక సెప్టెంబరు దాకా పీటముడి పడింది. డబ్బు వచ్చాక కూడా కౌంటీ రెవెన్యూ నిధి నుంచి తీయాలంటే కంట్రోలర్ ఆఫ్ బడ్జెట్ (ప్రజాధనం విడుదలను చూసే స్వతంత్ర అధికారి) అనుమతి కావాలి. ముందు జీతాలు వెళ్తాయి, పనులకు మిగిలింది పోతుంది. ఇక టెండరు సంగతి: ప్రకటన గడువు, 30 రోజుల లోపు మూల్యాంకనం, ఫలితం చెప్పాక 14 రోజులు ఆగితే గానీ ఒప్పందం కుదరదు. ఓడిన కంపెనీ సమీక్షా బోర్డుకు వెళ్తే మరో 21 రోజులు. అక్టోబరులో టెండరు పిలిస్తే జనవరిలో పని మొదలవుతుంది. మార్చి నుంచి వానలు. జూన్ 30 వచ్చేసరికి పునాది దాటని పని ఉంటుంది, ఆ ఏటి కేటాయింపు మాత్రం మురిగిపోతుంది. మళ్లీ బడ్జెట్‌లో పెట్టాల్సిందే.

మళ్లీ పెట్టేటప్పుడే బకాయిలు తయారవుతాయి. పాత పనికి కేటాయింపు తగ్గించి, ఆ డబ్బుతో కొత్త పని పేరు చేరుస్తారు. కాంట్రాక్టరు చేసిన మేరకు బిల్లు పెడతాడు, ఖాతాలో డబ్బుండదు. 2018 జూన్ 30 నాటి కౌంటీల బకాయి బిల్లులను ఆడిటర్ జనరల్ ప్రత్యేకంగా పరిశీలిస్తే సుమారు 8,900 కోట్ల షిల్లింగుల క్లెయిములు తేలాయి. వాటిలో చెల్లించదగ్గవి 5,100 కోట్లకు పైనే. బకాయిలు ముందు తీర్చాలంటే కొత్త ఏడాది బడ్జెట్ మొదలవక ముందే చిక్కిపోతుంది.

దీనికి వార్డుల పంపకం తోడైంది. కౌంటీ అసెంబ్లీలకు సభ్యులను ఎన్నుకునే వార్డులు దేశంలో 1,450 ఉన్నాయి. ప్రతి సభ్యుడికీ తన వార్డులో ఒక శిలాఫలకం కావాలి. ఉదాహరణకు 30 వార్డులున్న కౌంటీ చేతిలో 60 కోట్ల షిల్లింగులుంటే తలా 2 కోట్లు పంచేస్తారు. ఆ 2 కోట్లను మళ్లీ నాలుగైదు ముక్కలు చేస్తారు. నాలుగు వార్డులకు నీళ్లిచ్చే ఒక పైపులైను, శుద్ధి ప్లాంటు ఏ వార్డు జాబితాలోనూ పట్టదు. ముప్పై ఏళ్లు పనిచేసే పైపులైనుకు ముప్పై ఏళ్ల వినియోగదారులు వాయిదాల్లో కడితే న్యాయం. కానీ రాజ్యాంగం 212వ అధికరణం ప్రకారం కౌంటీ అప్పు చేయాలంటే జాతీయ ప్రభుత్వం హామీ ఇవ్వాలి, కౌంటీ అసెంబ్లీ ఒప్పుకోవాలి. ఆ రెండూ దాటడం కష్టం కాబట్టి ఏటా చేతికందిన నగదుతోనే ముక్కముక్కగా కడతారు.

పైనుంచి వచ్చిన ప్రణాళిక మెరుగ్గా నడిచిందా అంటే, అదీ లేదు. 2015లో జాతీయ ప్రభుత్వం 98 ఆసుపత్రులకు, అంటే కౌంటీకి రెండు చొప్పున 94, మరో నాలుగు జాతీయ ఆసుపత్రులకు, ఏడేళ్ల లీజు మీద వైద్య పరికరాలు తెచ్చింది. ఆపరేషన్ థియేటర్, స్టెరిలైజేషన్, డయాలసిస్, ఐసీయూ, ఎక్స్‌రే యంత్రాలు. కౌంటీ చిన్నదైనా పెద్దదైనా ఒకే మొత్తం: మొదట ఏడాదికి 9.5 కోట్ల షిల్లింగులు, 2018–19కి 20 కోట్లు. కొన్నిచోట్ల పరికరాలు పెట్టెల్లోనే ఉండిపోయాయి. పెట్టడానికి గది లేదు, త్రీఫేజ్ కరెంటు లేదు, ఆర్‌ఓ ప్లాంటుకు చాలినన్ని నీళ్లు లేవు, నడిపే రేడియోగ్రాఫర్ లేడు. వాడినా వాడకున్నా లీజు మాత్రం ఆగలేదు.

మకువేని కౌంటీ ఒక మెట్టు ముందుకేసింది. గ్రామసభ నుంచి కౌంటీ స్థాయి దాకా మెట్లుమెట్లుగా పనులు ఎంపిక చేస్తారు. స్థానికులతో వేసిన ప్రాజెక్టు కమిటీ సంతకం పెట్టాకే కాంట్రాక్టరుకు బిల్లు కదులుతుంది. నాసిరకం స్లాబు, లెక్కల్లో మాత్రమే ఉన్న బోరు ఇలాంటి చోట దాగవు. నైరోబీ నుంచి వాయిదా ఎప్పుడొస్తుందన్నది మాత్రం ఆ కమిటీ చేతిలో లేదు.