పాత మిద్దెలను కళావేదికలుగా మార్చడం: అపోహలు - వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల పాత ఇళ్లను, గోదాములను నాటకాలకు, చిత్రప్రదర్శనలకు పనికొచ్చేలా మార్చడం మా పని. 1885లో సురభి నాటకం పుట్టిన సీమ ఇది. అలాంటి చోట చిన్న బృందాలకు రిహార్సల్ చేసుకోవడానికి కూడా జాగా దొరకడం లేదు. అందుకే ఈ మాటలు.

అపోహ: సిమెంటు పూసి రంగులేస్తే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: పాత గోడ సున్నంతో కట్టింది. నేలలోంచి ఎక్కిన చెమ్మను బయటికి వదిలేయడం దాని గుణం. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మకు దారి ఉండదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు మునిగిన కర్నూలు పాతబస్తీలో, ఆ తర్వాత సిమెంటు పూసిన గోడలను చూడండి. కొన్నింటికి నడుమెత్తు వరకు తెల్లగా ఉప్పు పూసి, వేలు తగిలితేనే పెచ్చులు రాలుతుంటాయి. ఆ సిమెంటును చెక్కేసి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయాలి. ఆరడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఆ గోడకు బొమ్మలు తగిలించొద్దు, కాన్వాసుకు బూజు పడుతుంది.

అపోహ: వందేళ్లు నిలిచిన మిద్దె జనాన్ని మోయలేదా?

వాస్తవం: కాపురానికి కట్టిన మిద్దె అది. దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది. పుచ్చేది గోడలోకి దూరిన కొస దగ్గర. అక్కడ స్క్రూడ్రైవర్ గుచ్చితే సులువుగా దిగిందంటే, ఇంజినీరు చూసి సరేననే దాకా పైకి ఎవరినీ ఎక్కించకండి. ఎంత పెద్దవాళ్లు అడిగినా సరే.

అపోహ: పాత హాల్లో సౌండ్ గురించి టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: నాపరాళ్ల నేల, నున్నటి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. పద్యం ఖంగుమంటుంది, హరికథలో పిట్టకథ మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. గోడకు జానెడు ఎడంగా గొంగళ్లు వేలాడదీసి చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఫోమ్ కంటే నాకు ఇవే నచ్చుతాయి. ఉన్ని అంత తొందరగా అంటుకోదు.

అపోహ: పురావస్తు శాఖ ఒప్పుకోదు.

వాస్తవం: పురావస్తు చట్టం వర్తించేది రక్షిత కట్టడాలకు, వాటి చుట్టుపక్కలకే. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. మరమ్మతుకైతే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అపోహ: తళతళలాడితేనే జనం వస్తారు.

వాస్తవం: కొచ్చిలో 2012లో మొదటి బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన, ప్రధానంగా జరిగింది పాత వర్తకుల ఆస్పిన్‌వాల్ హౌస్‌లోనే. మెరుగులకు పెట్టే డబ్బు ముందు పైకప్పుకు, వైరింగుకు, ర్యాంపుకు పెట్టండి. మరుగుదొడ్లకు ఇంకా ముందు. అవి శుభ్రంగా లేకపోతే ఆడవాళ్లు నాటకం సగంలోనే లేచి వెళ్లిపోవాల్సి వస్తుంది.