సబ్‌వూఫర్‌కి సగం వైరు కారు బాడీయే

డిక్కీలో యాంప్లిఫయర్ కొత్తది, బేస్ మోగించే పెద్ద స్పీకరు సబ్‌వూఫర్ కొత్తది, వైర్లూ కొత్తవే. కారు ఒక్కటే పాతది. పావుగంట పాటలు మోగాక యాంప్ మీద ఎర్రలైటు వెలిగి మోత ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలై మళ్లీ ఆగింది. యాంప్ మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే. బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే ఎర్రవైరు చల్లగా ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. యాంప్ నుంచి కారు బాడీకి వెళ్లే నల్లవైరును వేళ్లతో తడుముకుంటూ, స్టెప్నీ గుంత పక్కన అది బిగించి ఉన్న బోల్టు దాకా వెళ్లాను. చురుక్కుమంది, వేలు వెనక్కి లాక్కున్నాను. ఆ బోల్టు ఇస్త్రీపెట్టె అంచులా కాలుతోంది.

ఆ వేడి ఎక్కడిదో అర్థం కావాలంటే ముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి. మెకానిక్కులు ‘ఎర్త్’ అంటారు, మాన్యువల్‌లో ‘గ్రౌండ్’ అని ఉంటుంది. రెండు మాటలూ నేలనే సూచిస్తాయి. కానీ కారు నాలుగు రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంది, నేలతో దానికి ఏ కరెంటు సంబంధమూ లేదు. ఈ పేరు టెలిగ్రాఫ్ రోజుల నాటిది. 1838లో కార్ల్ ఆగస్ట్ ఫాన్ స్టైన్‌హైల్ అనే జర్మన్ శాస్త్రవేత్త, టెలిగ్రాఫ్‌కి రెండో తీగ లాగకుండా భూమినే తిరుగుదారిగా వాడుకోవచ్చని గమనించాడు. కారులో ఆ తిరుగుదారి పని చేసేది ఇనుప బాడీ. బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి కలిపేస్తే ప్రతి బల్బుకీ ప్రతి మోటారుకీ ఒక్క వైరు చాలు, రెండోది కారే.

ఇంట్లో ఎర్తింగ్ వైరు అలవాటైన మనకి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఇంట్లో ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు పారదు, ఏదైనా లోపం వచ్చినప్పుడు మాత్రమే దానికి పని. కారులో ఎర్త్ అలా కాదు. ఎర్రవైరులో ఎంత కరెంటు వస్తుందో అంతా, ఒక్క ఆంపియర్ కూడా తగ్గకుండా, నల్లవైరులోంచి తిరిగి వెళ్లాలి. ఎర్రవైరు కోసం వేలెడు లావు రాగితీగ ఎంచుకున్నవాళ్లు కూడా నల్లవైరును దగ్గర్లో కనిపించిన ఏదో ఒక స్క్రూకి తగిలించేస్తారు. నేనూ చేసింది అదే.

ఆ తిరుగుదారిలో ఎంత పారుతుందో చూద్దాం. 500 వాట్ల క్లాస్-డి రకం యాంప్, తీసుకున్న కరెంటులో 80 శాతాన్ని మోతగా మారుస్తుందనుకుంటే అది లోపలికి 625 వాట్లు లాగుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు ఉంటాయి కాబట్టి డ్రమ్ము దెబ్బ పడ్డ క్షణంలో దాదాపు 45 ఆంపియర్లు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లు కలిపి తాగేది ఎనిమిది ఆంపియర్లే. పాత కార్లలో చాలావాటికి, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యమే 45 నుంచి 65 ఆంపియర్లు.

మరి ఇనుము ఇంత కరెంటు మోయగలదా? ఉక్కు రకాన్ని బట్టి రాగి కంటే ఆరు నుంచి పది రెట్లు ఎక్కువ నిరోధిస్తుంది. కానీ దాని వెడల్పు చూడండి. 0.8 మిల్లీమీటర్ల మందమున్న రేకు ఒక మీటరు వెడల్పున ఉంటే అడ్డుకోత 800 చదరపు మిల్లీమీటర్లు. ఎనిమిది రెట్లు నాసి అనుకున్నా అది 100 చదరపు మిల్లీమీటర్ల రాగికి సమానం. మనం మురిసిపోతూ కొనే నాలుగో గేజి కేబుల్ అడ్డుకోత 21 మాత్రమే. అంటే బాడీ చాలా మంచి వైరు. చిక్కంతా అతుకుల దగ్గర.

నున్నగా కనిపించే రెండు లోహపు ముక్కల్ని ఒకదానిమీద ఒకటి బిగించినా అవి అంతటా తాకవు. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ కొండలూ లోయలే, కరెంటు ఆ కొండల కొనలు కలిసిన చోట్ల మాత్రమే దాటుతుంది. బోల్టు గట్టిగా బిగిస్తే కొనలు నలిగి ఇంకొంచెం ఎక్కువ చోట్ల కలుస్తాయి. వాటి మధ్య పెయింటు, ప్రైమరు, తుప్పు చేరితే ఆ దారులూ మూసుకుపోతాయి. పాత కారులో ఈ మూడూ ఉంటాయి. పైగా ఎప్పుడో సొట్ట తీసి వేయించిన రేకు అతుకులు, సీలెంటు పూసిన జాయింట్లు, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే పాత జడ పట్టీ కూడా ఆ దారిలోనే ఉంటాయి.

మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఇది దొరకదు. మీటరు తన వైర్ల నిరోధమే 0.2, 0.3 ఓములు చూపిస్తుంది. మన దోషి అందులో చిన్న వంతు మాత్రమే. పైగా మీటరు పంపే చిటికెడు కరెంటుకి ఒక్క పోగు తాకినా చాలు, ‘బాగానే ఉంది’ అని బీప్ కొడుతుంది. అందుకే పని చేస్తున్నప్పుడు కొలవాలి. 50 హెర్ట్జ్ టోన్ ఒకటి ఆగకుండా మోగించి, వైరు చుట్టూ పట్టుకుని డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూస్తే 25 ఆంపియర్లు పారుతున్నాయి. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి, పొడవాటి వైరుతో ఒక మొన బ్యాటరీ నెగటివ్ స్తంభానికీ రెండో మొన యాంప్ గ్రౌండ్ టెర్మినల్‌కీ ఆనించాను. సున్నా దగ్గర ఉండాల్సింది 1.15 వోల్టులు.

తర్వాత ముక్కలుగా కొలిచాను. నల్లవైరు మీద 0.03. బోల్టు తల నుంచి పక్కన గోకిన రేకుకి 0.9. ఆ రేకు నుంచి ముందున్న బ్యాటరీకి 0.22. ఆ 0.9 వోల్టుని 25 ఆంపియర్లతో గుణిస్తే 22 వాట్లకు పైనే. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, సీసాన్ని కరిగిస్తుంది. నా వేలు కాలడంలో వింత లేదు. డ్రమ్ము దెబ్బకి 45 ఆంపియర్లు లాగినప్పుడు ఈ తిరుగుదారి ఒక్కటే రెండు వోల్టులు మింగేస్తుంది. చాలా యాంప్‌లలో అవుట్‌పుట్ పవరు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 14 కాస్తా 12 అయితే నాలుగో వంతుకు పైగా పోతుంది. బేస్ బోలుగా వినిపించేది అందుకే.

బాగుచెయ్యడానికి పట్టింది ఒక సాయంత్రం. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి, పాజిటివ్ కాదు. పాజిటివ్ ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలిందంటే నేరుగా షార్ట్ అవుతుంది. తర్వాత బోల్టు చోటు మార్చాను. స్టెప్నీ గుంతలో నీళ్లు నిలుస్తాయి కనుక కాస్త ఎత్తున, మందమైన రేకు చూసుకున్నాను. రంధ్రం వేసే ముందు కింద పడుకుని పెట్రోలు ట్యాంకు, గొట్టాలు ఎక్కడున్నాయో చూశాను. ఇది ఎవరూ మానకూడదు. సీటుబెల్టు బోల్టుని మాత్రం ముట్టుకోకండి, అది ప్రాణం కోసం ఉన్నది. గరుకు కాగితంతో రూపాయి బిళ్లంత చోటు తెల్లగా మెరిసేదాకా గీకి, వైరు కొనకి బాగా నొక్కించిన లగ్గు (రంధ్రమున్న లోహపు కొన) పెట్టి, పళ్ల వాషరుతో బిగించి, బిగించాకే పైన పెయింటు పూశాను. పెయింటు ముందు పూస్తే మళ్లీ మొదటికే వస్తాం. ముందు భాగంలో బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే పట్టీ ఆకుపచ్చ చిలుం పట్టి ఉంది. దాన్ని మార్చి, ఇంజన్ నుంచి బాడీకి ఇంకో లావు కేబుల్ వేశాను.

ఎర్త్ సరిగా లేని కార్లలో ఇంకో బాధ ఉంది, స్పీకర్లలో వినిపించే కూత. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగి వదిలితే తగ్గుతుంది. ఆల్టర్నేటర్ పుట్టించే మూడు ఫేజుల కరెంటు ఆరు డయోడ్లలోంచి డీసీగా మారేటప్పుడు చిన్న అలలు మిగులుతాయి. ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతూ, పుల్లీ రెండున్నర రెట్లు పెంచితే ఆల్టర్నేటర్ 2000 సార్లు తిరుగుతుంది. పన్నెండు ధ్రువాలున్న రోటర్ అయితే సెకనుకు 200 ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తికి ఆరు అలలు, మొత్తం 1200 హెర్ట్జ్. చెవి చటుక్కున పట్టే స్వరమది. సబ్‌వూఫర్ 80 హెర్ట్జ్ పైన వడగట్టేస్తుంది కాబట్టి కూత దానిలో వినిపించదు, తలుపుల స్పీకర్లలో వినిపిస్తుంది. అందుకే అందరూ తప్పు చోట వెతుకుతారు. యాంప్ ఎర్త్ ఒక వోల్టు పైన, ముందున్న స్టీరియో ఎర్త్ సున్నాలో ఉంటే, రెండిటినీ కలుపుతూ పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుల్ కవచం గుండా కరెంటు మళ్లుతుంది. ఆ అలలు పాటలో కలిసిపోతాయి. యాంప్ ఎర్త్ పూర్తిగా ఊడిపోతే ఆ మొత్తం కరెంటూ వెంట్రుకంత కవచంలోంచే వెళ్లబోతుంది, స్టీరియో లోపలి సన్నని దారి కాలిపోతుంది. నాయిస్ ఫిల్టర్ కొనేముందు ఆ వోల్టు ఎక్కడ పోతోందో కొలవమని బతిమాలుతాను.

హెడ్‌లైట్లు మిణుకుమంటున్నాయని ఒక ఫారడ్ కెపాసిటర్ తగిలించే అలవాటు ఉంది. 14.4 నుంచి 12.6 వోల్టులకు దిగేలోపు అది ఇవ్వగలిగేది 24 జౌళ్లు. 600 వాట్లు లాగితే అది సెకనులో ఇరవై అయిదో వంతు సేపే సరిపోతుంది.

ఫ్యూజు సంగతి మాత్రం వాయిదా వెయ్యకూడదు. అది యాంప్‌ని కాదు, వైరుని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకి ముందున్న ముక్కని కాపాడేది ఏదీ లేదు. పాత కారులో ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో రబ్బరు గ్రోమెట్లు గట్టిపడి పగిలి ఉంటాయి. రేకు అంచు వైరు తొడుగుని రోజూ కొంచెం కోస్తుంది. తొడుగు పూర్తిగా తెగిన రోజు, ఫ్యూజు లేకపోతే, బ్యాటరీ వందల ఆంపియర్లు ఇస్తుంది, నిప్పు అంటుకుంటుంది. మరీ పాత బండి అయితే ఇంకొకటి చూసుకోవాలి. 1960ల దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాడీకి కలిపింది పాజిటివ్. అలాంటి దానికి ఇప్పటి యాంప్‌ని మామూలుగా కలిపితే అక్కడికక్కడే పోతుంది.

పని అయ్యాక అదే టోన్, అదే వాల్యూమ్, అవే రెండు చోట్ల మీటరు పెట్టాను. 0.12 వోల్టులు. ఆ అంకెని డిక్కీ మూత లోపల మార్కర్‌తో రాసి తేదీ వేశాను. ఏడాదికోసారి కొలిచి కింద ఇంకో వరస రాస్తున్నాను. మొన్నటిది 0.14.