ఆడమ్స్ ఆ వాక్యం ఎందుకు రాశారు? 1813 వేసవిలో జరిగిన అసలు కథ

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే సందర్భం ఒక పాత తగాదాను మళ్లీ రాజేసింది. ఆ దేశం క్రైస్తవ పునాదుల మీద పుట్టిందా, లేక ఏ మతానికీ చెందని రాజ్యంగా పుట్టిందా అన్నదే ఆ తగాదా. తెలుగువాళ్లకు ఇదేమీ దూరపు గొడవ కాదు. టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి ఆలయం ఆవరణలో 2024 ఆగస్టులో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో, సెనేట్‌కు పోటీకి దిగిన ఒక రిపబ్లికన్ నాయకుడు ‘మనది క్రైస్తవ దేశం, ఈ విగ్రహాన్ని ఎందుకు ఉండనిస్తున్నాం’ అని సోషల్ మీడియాలో బహిరంగంగానే అడిగారు. బడి గదుల్లో పది ఆజ్ఞలు తగిలించాలంటూ లూసియానా 2024లో, టెక్సస్ 2025లో చట్టాలు చేశాయి. రెండూ కోర్టుల దాకా వెళ్లాయి.

ఈ వాదన వచ్చిన ప్రతిసారీ ‘క్రైస్తవ దేశం’ పక్షం ఒక వాక్యాన్ని సాక్ష్యంగా పెడుతుంది. మన పెద్దలు ఏ సాధారణ సూత్రాల మీద స్వాతంత్ర్యం సాధించారో అవి క్రైస్తవ సాధారణ సూత్రాలే అని రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు రాసిన మాట అది. కల్పించింది కాదు, నిజంగా ఆడమ్స్ రాసిందే. ఉత్తరం తేదీ 1813 జూన్ 28. అయితే ఆ ఉత్తరం ఎవరి మీద కోపంతో రాశారో, దేనికి జవాబుగా రాశారో తెలియకుండా ఆ వాక్యం అర్థం కాదు.

ఇద్దరూ కలిసి స్వాతంత్ర్యం కోసం పని చేయడం, 1800 ఎన్నికల్లో బద్ధశత్రువులు కావడం, ఇద్దరికీ స్నేహితుడైన డాక్టర్ బెంజమిన్ రష్ రాజీ కుదిర్చాక 1812 జనవరి 1న ఆడమ్స్ మొదటి ఉత్తరం రాయడం చాలామందికి తెలిసిన కథే. అక్కడి నుంచి 1826లో ఒకే రోజు ఇద్దరూ కన్నుమూసే దాకా 158 ఉత్తరాలు నడిచాయి. వాటిలో 109 ఆడమ్స్‌వి. ఆ సంఖ్యే ఆయన స్వభావం చెబుతుంది. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. జెఫర్సన్ ఆచితూచి రాసేవారు, అది కూడా నకలు తీసి పెట్టుకుని.

మొదటి ఏడాదిన్నరా ఉత్తరాలు మర్యాదగానే సాగాయి. పాత గాయాల జోలికి ఇద్దరూ పోలేదు. ఆ మర్యాదను 1813 మే నెలలో లండన్ నుంచి వచ్చిన ఒక పుస్తకం చెదరగొట్టింది.

థియోఫిలస్ లిండ్సీ అనే ఇంగ్లీషు యూనిటేరియన్ మతబోధకుడి జీవితకథ అది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అనే త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవులే యూనిటేరియన్లు. 1812లో థామస్ బెల్షమ్ అచ్చు వేశారు. ఆక్సిజన్ కనిపెట్టిన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ లిండ్సీకి సన్నిహితుడు. తన మత, రాజకీయ అభిప్రాయాల వల్ల ఇంగ్లండ్‌లో అల్లరిమూకలు ఇల్లు తగలబెడితే, 1794లో అమెరికా వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డారు. అక్కడ జెఫర్సన్‌కు ఆత్మీయుడయ్యారు. జెఫర్సన్ ఆయనకు రాసిన ఉత్తరాలు లిండ్సీ దాకా చేరి, చివరికి బెల్షమ్ పుస్తకంలో అచ్చయిపోయాయి. జెఫర్సన్ అనుమతి ఎవరూ అడగలేదు. అప్పటికి ప్రీస్ట్‌లీ పోయి తొమ్మిదేళ్లవుతోంది.

వాటిలో ఒకటి 1801 మార్చి 21 నాటిది. జెఫర్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి మూడు వారాలు కూడా కాలేదు. అంతకు ముందు నడిచిన ఆడమ్స్ పాలనను తలుచుకుంటూ, ఆ ఆటవికులు అజ్ఞానపు రోజుల్ని మళ్లీ తేవచ్చని ఆశపడ్డారని రాశారు. మనం ముందుకు కాదు వెనక్కి చూసి బాగుపడాలని వాళ్ల బోధ అని, నిజమైన విజ్ఞానంలో మన పూర్వీకుల్ని దాటిపోలేమని జనం సమర్పించిన పత్రాలకు ఇచ్చిన జవాబుల్లో ఒకదానిలో అధ్యక్షుడే ప్రకటించారని రాశారు. ఆ అధ్యక్షుడు ఆడమ్స్.

పన్నెండేళ్ల తర్వాత, స్నేహం మళ్లీ చిగురించాక, అది ఆడమ్స్ కంట పడింది. క్విన్సీలోని ఇంట్లో కూర్చుని ఆ భాగాలను తన చేత్తో ఎత్తి రాసి జెఫర్సన్‌కే పంపి, ఏ జవాబు గురించి అన్నారో చెప్పమని అడిగారు. అలాంటి మాట తాను అనలేదని ఖండించారు. ఆడమ్స్‌కు నొప్పి కలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రీస్ట్‌లీ ఆయనకూ స్నేహితుడే. ఫిలడెల్ఫియాలో ఆయన ఉపన్యాసాలకు వెళ్లి కూర్చునేవారు.

జెఫర్సన్ జూన్ 15న జవాబిచ్చారు. అది స్నేహితుడికి మనసు విప్పి రాసిన ఉత్తరమని, లోకం చూడటానికి కాదని మొదట బాధపడ్డారు. 1798లో ఫిలడెల్ఫియా యువకులకు ఆడమ్స్ ఇచ్చిన జవాబునే తాను ఉద్దేశించానని ఒప్పుకున్నారు. అది ఆడమ్స్ నిలకడైన అభిప్రాయమని మాత్రం తాను అనుకోవడం లేదన్నారు. అయినా పాతపట్టు పూర్తిగా వదల్లేదు. ఆ రోజుల్లో నడిచిన బెదిరింపుల వాతావరణం స్వేచ్ఛగా ఆలోచించే మనుషులకు ఎలా అనిపించిందో తర్వాతి తరాలకు ఎన్నటికీ తెలియదని రాశారు. విదేశీయుల్ని వెళ్లగొట్టే అధికారం, ప్రభుత్వాన్ని విమర్శించిన పత్రికల వాళ్లను జైల్లో పెట్టే అధికారం ఇచ్చిన 1798 చట్టాలు ఆయన మనసులో ఉన్నాయి. వాటి మీద సంతకం ఆడమ్స్‌దే. ఈ ఒక్క విషయంలో జెఫర్సన్ మాటకు బలం ఉందని నాకూ అనిపిస్తుంది.

ఇప్పుడు 1798 వైపు ఒకసారి చూడాలి. ఫ్రాన్స్‌తో యుద్ధం తప్పదన్న టెన్షన్ దేశమంతా ఉంది. మే నెలలో ఫిలడెల్ఫియా యువకులు ఊరేగింపుగా వచ్చి, దేశం కోసం నిలబడతామని అధ్యక్షుడికి ఒక పత్రం సమర్పించారు. మీ కుతూహలాన్ని, స్వేచ్ఛగా పరిశోధించే హక్కును అడ్డుకోనంటూనే ఆడమ్స్ ఒక మాట అన్నారు. మీలో అందరికంటే ఎక్కువ కాలం బతికేవాడికి కూడా, తాతముత్తాతల నుంచి మీకు అందిన సూత్రాల కంటే పిల్లలకు అందించదగ్గవి సాధారణంగా కనిపించవని అన్నారు. జెఫర్సన్‌కు ఇది గుడ్డి సంప్రదాయంలా వినిపించింది.

జూన్ 28 ఉత్తరంలో ఆడమ్స్ దీనికే సంజాయిషీ ఇచ్చారు. ఆ రోజు తన ముందు నిలబడ్డ యువకులు ఎవరెవరో గుర్తు తెచ్చుకోమన్నారు. రోమన్ కాథలిక్కులు, ఎపిస్కోపలియన్లు, ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు, మొరేవియన్లు, జర్మన్ లూథరన్లు, యూనివర్సలిస్టులు, త్రిత్వాన్ని నమ్మని ఏరియన్లు, సోసీనియన్లు, సాక్షాత్తు ప్రీస్ట్‌లీ అనుచరులు, ప్రకృతిలో దేవుణ్ణి చూసే డీయిస్టులు, నాస్తికులు, చివరికి ఏమీ నమ్మని ప్రొటెస్టెంట్లు. ఇంత పొడుగు జాబితా రాసి, వీళ్లందరూ కలవగలిగిన సూత్రాలే స్వాతంత్ర్యానికి పునాది అన్నారు. అవి ఏవి? ఆ శాఖలన్నీ ఒప్పుకునే క్రైస్తవ సాధారణ సూత్రాలు, వాటితో పాటు ఇంగ్లీషు, అమెరికన్ స్వేచ్ఛా సూత్రాలు.

ఈ రెండో సగం నేటి పోస్టర్లలో చాలావరకు కనిపించదు. ఆ తర్వాత వచ్చే మాట అసలే కనిపించదు. ఈ సూత్రాలను బలపరచడానికి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ నుంచి, హ్యూమ్, గిబ్బన్, రూసో, వోల్టేర్‌ల నుంచి, న్యూటన్, లాక్‌ల నుంచి కాగితాల కొద్దీ ఉల్లేఖనాలు ఇవ్వగలనని ఆడమ్స్ రాశారు. క్రైస్తవాన్ని జీవితమంతా ఎగతాళి చేసిన వోల్టేర్‌ను సాక్షిగా పిలిచిన మనిషి, ప్రభుత్వానికి మతం ఉండాలని వాదిస్తున్నాడని ఎలా అనుకుంటాం? తాను గుడ్డి సంప్రదాయవాదిని కాదని పాత ప్రత్యర్థికి నిరూపించుకోవడానికి రాసిన పేరా అది.

అవతలి పక్షం వాదనలో సత్తా లేదని కాదు. ఆ సూత్రాలు దేవుడి ఉనికిలాగే శాశ్వతమని అదే ఉత్తరంలో ఆడమ్స్ అన్నారు, ఆ నమ్మకాన్ని ఎప్పుడూ దాచలేదు. చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేవారు. ఆయన రాష్ట్రం మసాచుసెట్స్‌లో ప్రొటెస్టెంట్ బోధకుల జీతాలకు జనం పన్ను కట్టే పద్ధతి అప్పటికి ఇంకా నడుస్తోంది.

వాక్యాలను కత్తిరించే పని, అమెరికా ఏ మతానికీ చెందని రాజ్యం అనే పక్షమూ చేస్తుంది. 1817 ఏప్రిల్ 19న ఆడమ్స్ రాసిన ఉత్తరం నుంచి ‘మతమే లేకపోతే ఈ లోకం ఎంత బాగుండేదో’ అన్న ముక్క ఒక్కటే తీసి పంచుతారు. మతవివాదాల పుస్తకాలు చదువుతూ విసిగి, అలా అరవాలని ఇరవైసార్లు అనిపించిందని ఆయన రాసిన మాట నిజమే. కానీ అలా అరిస్తే తానూ మతోన్మాదినే అవుతానని, మతం లేకపోతే ఈ లోకం మర్యాదస్తుల మధ్య పేరెత్తలేని చోటు, అంటే నరకం అయ్యేదని వెంటనే రాశారు.

మళ్లీ 1813కి వస్తే, ఆ జులై అంతా ఆడమ్స్ ఒకదాని వెంట ఒకటి ఉత్తరాలు పంపారు, జెఫర్సన్ నుంచి జవాబు లేదు. జులై 15న రాసిన మాట చాలామంది విన్నదే: మన గురించి మనం ఒకరికొకరం వివరించుకోకుండా మీరూ నేనూ చనిపోకూడదు. ఆగస్టు 22న జెఫర్సన్ ఎట్టకేలకు నోరు విప్పారు. మూడు ఒకటి, ఒకటి మూడు అనే త్రిత్వపు లెక్క తన బుద్ధికి అందదని రాసి, యేసు బోధల మీద తాను రష్ కోసం రహస్యంగా రాసిన చిన్న వ్యాసం నకలు పంపారు. ఆ ఏప్రిల్‌లోనే రష్ చనిపోతే, ఆ కాగితం బయటపడుతుందేమోనని కంగారుపడి ఆయన కుటుంబాన్ని వెనక్కి అడిగింది ఈయనే. అక్టోబరులో మరో గుట్టు చెప్పారు: సువార్తల నుంచి యేసు మాటలను ఒక్కో వచనంగా కత్తిరించి 46 పేజీల పుస్తకంగా అమర్చుకున్నారట. ఆ రెండు నెలల్లో ఇద్దరి మధ్య పెరిగిన నమ్మకం తర్వాతి పదమూడేళ్లకూ సరిపోయింది. నా దృష్టిలో ఈ ఉత్తరాల అసలు మలుపు ఇదే, 1812 నాటి రాజీ కాదు. 1823లో ఆడమ్స్ పూర్వం జెఫర్సన్‌ను తిడుతూ రాసిన ఉత్తరాలు ఈసారి అచ్చయినప్పుడు, వాటిని తాను లెక్కలోకి తీసుకోనని జెఫర్సన్ ముందే రాసి ఊరడించారు.

ఆ నమ్మకం వల్లే వాళ్ల చర్చ క్రైస్తవం దాటి వెళ్లింది. 1813 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ఆడమ్స్ హిందువుల శాస్త్రం నుంచి అంటూ ఒక భాగం ఎత్తి రాశారు. దేవుడు ఒక్కడే, అన్నిటినీ సృష్టించినవాడు, ఆదీ అంతమూ లేనివాడు అని మొదలయ్యే భాగం అది. ఇంతకంటే గొప్ప దైవశాస్త్రం, ఇంతకంటే లోతైన తత్వం ఎక్కడ దొరుకుతుందని జెఫర్సన్‌ను అడిగారు. ఆయన చేతికందినవి ఆనాటి యూరోపియన్ల అరకొర అనువాదాలే. అయినా 78 ఏళ్ల వయసులో మంచుపడే క్విన్సీలో కూర్చుని ఆ ప్రశ్న వేసిన మనిషిని, హనుమంతుడి విగ్రహానికి వ్యతిరేకంగా సాక్ష్యానికి పిలవడం నాకు మింగుడుపడదు.

జెఫర్సన్ మాట ఇంకా సూటిగా ఉంది. 1821లో వర్జీనియాలోని తన ఎస్టేట్ మాంటిసెల్లోలో స్వీయచరిత్ర రాస్తూ, 1786లో వర్జీనియా చేసిన మత స్వేచ్ఛ చట్టాన్ని గుర్తు చేసుకున్నారు. దాని పీఠికలో యేసుక్రీస్తు పేరు చేర్చాలని ఒక సవరణ వచ్చిందని, సభ భారీ మెజారిటీతో తిప్పికొట్టిందని రాశారు. యూదుడు, క్రైస్తవుడు, మహమ్మదీయుడు, హిందువు, ఏ నమ్మకమూ లేనివాడు అందరూ ఆ చట్టం నీడలో ఉండాలని సభ కోరుకుందనడానికి అదే రుజువన్నారు. ‘హిందువు’ అని పేరుపెట్టి రాశారు. అదే వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఇవాళ వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ మాట రాసే నాటికి మాంటిసెల్లోలో వందమందికి పైగా నల్లజాతివాళ్లు జెఫర్సన్‌కు బానిసలుగా ఉన్నారన్న నిజాన్ని కూడా పక్కనే పెట్టి చదవాలి.

ఆడమ్స్ మాటలతో ఆగలేదు. 1820లో మసాచుసెట్స్ రాజ్యాంగాన్ని సవరించే సభకు 85 ఏళ్ల వయసులో ప్రతినిధిగా వెళ్లి, అన్ని మతాల వాళ్లకూ సమాన రక్షణ ఇచ్చే మార్పు కోసం ప్రయత్నించారు. ఓడిపోయారు. ఆ మతపన్ను 1833లో గానీ పోలేదు.

1825 జనవరి 23న, చావుకు ఏడాదిన్నర ముందు, జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన బాధ అదే. మనకు అంతఃకరణ స్వేచ్ఛ ఉందని గొప్పలు చెప్పుకుంటాం, కానీ బైబిలు పుస్తకాలను శంకిస్తే దైవదూషణ అనే చట్టం క్రైస్తవ లోకమంతా ఉంది, మసాచుసెట్స్‌లో కూడా ఉంది, ఇలాంటి చట్టాలు మనిషి బుద్ధి ఎదగడానికి పెద్ద అడ్డంకులు అని రాశారు. 1838లో అదే రాష్ట్రంలో అబ్నర్ నీలాండ్ అనే పత్రికా సంపాదకుడు దైవదూషణ నేరం కింద 60 రోజులు జైల్లో ఉన్నారు. ఆ సెక్షన్‌ను మసాచుసెట్స్ ఇప్పటికీ తన చట్టాల పుస్తకం నుంచి తీసేయలేదు.